ప్రాగ్‌లో రెండు రోజులు: ఏం చూడాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి?

రెండు రోజులు చాలు, కోటను పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తే. చాలామంది చార్లెస్ బ్రిడ్జి దాటి, మెట్లెక్కి కోటకు వెళ్తారు. పైకి చేరేసరికి కాళ్లు పీకుతుంటాయి. మీరు 22వ నంబర్ ట్రామ్ ఎక్కి పొహొర్జెలెత్స్ స్టాపులో దిగండి. అక్కణ్నుంచి దాదాపు అంతా దిగుడే: స్ట్రాహోవ్ మఠం, లొరెటా చర్చి, కోట, దాని కిందున్న పాత పేట మలా స్ట్రానా, ఆ తర్వాత బ్రిడ్జి. దారంతా రాళ్లు పరిచిన వీధులు, మెత్తటి అడుగున్న బూట్లే వేసుకోండి.

కోట ఆవరణలో ఊరికే తిరగొచ్చు, టికెట్ లోపలి కట్టడాలకే. అవి 9 గంటలకు తెరుస్తారు, ఆ వేళకే అక్కడుండండి. సెయింట్ వైటస్ కెథడ్రల్‌కు మాత్రం ఆదివారం పొద్దున వెళ్లకండి, ప్రార్థనలుంటాయి కాబట్టి మధ్యాహ్నం దాకా సందర్శకులను రానివ్వరు. 1344లో మొదలుపెట్టిన ఆ చర్చి 1929కి గానీ పూర్తికాలేదు. లోపల ఎడమవైపు మూడో గదిలో చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముఖా కిటికీ ఉంటుంది. అద్దం మీదే రంగులతో వేసిన బొమ్మ అది. నడుమ పిల్లవాడిగా చెక్‌ల రక్షక సాధువు వాత్స్‌లావ్, పక్కన నాయనమ్మ లుద్మిలా. అక్కడ పది నిమిషాలైనా నిలబడాలి.

పాత పట్టణంలోని టౌన్ హాల్ ఖగోళ గడియారం (1410) దగ్గర గంటగంటకూ బొమ్మలు కదులుతాయి. చూస్తుండగానే అయిపోతుంది, జేబుదొంగలకు అనువైన గుంపు కూడా అదే. గంట కొట్టని వేళ వెళ్లి డయల్‌ను తీరిగ్గా చూడండి. బయటి వలయం సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కపెడుతుంది. లోపలి చక్రంలో సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో తెలుస్తుంది. అది సాయన లెక్క, అంటే నక్షత్రాలను కాక రుతువులను బట్టి రాశులను పంచే లెక్క. మన పంచాంగంలో జనవరి 14, 15 తేదీల్లో వచ్చే మకర సంక్రమణం అక్కడ డిసెంబరు 21, 22 నాటికే అయిపోతుంది!

డబ్బు దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. ఇక్కడ చెల్లేది కొరునా, యూరో కాదు. డబ్బు మార్చే దుకాణాల్లో "కమిషన్ 0" బోర్డు చూసి మురిసిపోకండి, కోత రేటులోనే ఉంటుంది. చేతికి ఎన్ని కొరునాలొస్తాయో ముందే అడగండి. మోసపోయామనిపిస్తే, వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి చట్టంలో ఉంది. రసీదు పారేయకండి. ఏటీఎం "మీ కరెన్సీలోకి మార్చమంటారా?" అంటే వద్దనే నొక్కండి.

ఎయిర్‌పోర్టు నుంచి 59వ నంబర్ ట్రాలీబస్సులో నాద్రాజీ వెలెస్లవీన్, అక్కడ మెట్రో ఏ లైన్. కాగితం టికెట్‌ను పసుపు మెషీన్‌లో ఒక్కసారే ముద్ర వేయించాలి. వేయించకపోతే జరిమానా, తనిఖీవాళ్లు మామూలు బట్టల్లోనే ఉంటారు. ట్రామ్‌లోనే కార్డుతో కొన్నదానికి ముద్ర అక్కర్లేదు.

శాకాహారులు సూప్ చెప్పేముందు మాంసం ఉడికించిన నీళ్లు వాడారేమో అడగండి, వెల్లుల్లి సూప్‌కైనా సరే. స్మాజెనీ సీర్, అంటే వేయించిన చీజ్, చాలా హోటళ్లలో దొరుకుతుంది. బల్ల మీద అడక్కుండా పెట్టిన బ్రెడ్‌కు బిల్లు పడొచ్చు, వద్దనుకుంటే ముట్టుకోకండి.