క్లాసులో తోటి విద్యార్థులు అమెరికా, ఐర్లాండ్ సంస్కృతుల మీద ఇచ్చే ప్రజెంటేషన్లు కూర్చుని చూడటం వల్ల లాభం ఉందా?

మీరు ఐర్లాండ్‌లో మాస్టర్స్‌లో చేరారు. ఒక మాడ్యూల్‌లో ప్రతి ఒక్కరూ అమెరికా గురించో ఐర్లాండ్ గురించో ప్రజెంటేషన్ ఇవ్వాలి, మిగతా అందరివీ కూర్చుని వినాలి. మార్కులకి సంబంధం లేని వాటి మీద అంత టైమ్ ఎందుకు పెట్టాలి, నా వరకు ఏ టాపిక్ తీసుకుంటే బాగుంటుంది అని అడిగారు. నేను అక్కడే కార్క్ నగరంలో చదువుకున్నప్పుడు ఇలాంటి మాడ్యూలే ఉండేది. ఖచ్చితంగా కూర్చోండి, శ్రద్ధగా వినండి. ఆ మాడ్యూల్‌లో నాకు ఇప్పటికీ గుర్తున్నదంతా పక్కవాళ్ళు చెప్పిందే.

మా క్లాసులో ఐరిష్ వాళ్ళు, ఒక సెమిస్టర్ కోసం వచ్చిన అమెరికన్లు, బ్రెజిల్, చైనా, నైజీరియా, జర్మనీ వాళ్ళు, మన తెలుగువాళ్ళు కొందరు. ఎవరూ సొంత దేశం గురించి చెప్పకూడదని మా లెక్చరర్ షరతు పెట్టారు. అంటే అమెరికన్లు ఐర్లాండ్ గురించి, ఐరిష్ వాళ్ళు అమెరికా గురించి, మిగతావాళ్ళం రెండిట్లో ఏదో ఒకటి. చెప్పడానికి ఎంత సమయమో ప్రశ్నలకీ అంతే సమయం. అసలు విషయమంతా ఆ ప్రశ్నల్లోనే బయటపడేది. ఎందుకంటే ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్ళు అదే గదిలో ఎదురుగా కూర్చుని ఉన్నారు.

కొన్ని పేలవంగా ఉండేవి, అది ముందే చెప్పాలి. ఐర్లాండ్ అంటే షామ్‌రాక్ ఆకు, ఆకుపచ్చ టోపీ, గిన్నిస్ బీరు గ్లాసు. అమెరికా అంటే లిబర్టీ విగ్రహం, బర్గర్, హాలీవుడ్. స్లైడ్ మీద ఉన్నది ఉన్నట్టు చదివేసి వెళ్ళిపోతే అడగడానికి కూడా ఏమీ ఉండదు. కానీ ఒక్క వస్తువునో ఒక్క ఆచారాన్నో గట్టిగా పట్టుకుని దాని వెంట వెళ్ళినవాళ్ళు మమ్మల్ని కదలనివ్వలేదు.

అలాంటి చర్చ మొదటిసారి తిండి దగ్గర మొదలైంది. బోస్టన్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఐర్లాండ్ జాతీయ పండగ సెయింట్ పాట్రిక్స్ డే గురించి చెప్పింది. వాళ్ళ ముత్తాతలు ఐర్లాండ్ నుంచి వెళ్ళినవాళ్ళే. మార్చి 17న ఇంట్లో కార్న్‌డ్ బీఫ్ (ఉప్పు పట్టించిన గొడ్డు మాంసం), క్యాబేజీ వండటం తరతరాల ఐరిష్ సంప్రదాయం అని ఫోటోలతో సహా చూపించింది. ప్రశ్నల టైమ్‌లో వెనక వరసలో ఉన్న ఐరిష్ అమ్మాయి కాస్త మొహమాటంగానే చెయ్యెత్తి, "మా ఇంట్లో ఎప్పుడూ అది వండలేదు. మేము తినేది బేకన్, క్యాబేజీ" అంది. బేకన్ అంటే పంది మాంసం. ఇంకో ఇద్దరు ముగ్గురు ఐరిష్ వాళ్ళూ అవునన్నారు. బోస్టన్ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

లెక్చరర్ దాన్ని అక్కడితో వదలకుండా కారణం విప్పి చెప్పారు. 17, 18 శతాబ్దాల్లో కార్క్ రేవు నుంచే ఉప్పు పట్టించిన గొడ్డు మాంసం పీపాలకి పీపాలు ఓడలెక్కి వెళ్ళేది. కానీ తయారైన ఊళ్ళో పేదవాళ్ళకి అది కొనే స్థోమత లేదు. వాళ్ళకి బంగాళాదుంపలు, పాలు, ఎప్పుడైనా కాస్త పంది మాంసం. న్యూయార్క్ చేరాక అదే వాళ్ళకి గొడ్డు మాంసం అందుబాటు ధరలో దొరికింది, పక్క వీధుల్లో యూదుల మాంసం దుకాణాల్లో. అలా ఇంటి దగ్గర తినలేకపోయినది అక్కడ పండగ వంట అయింది. ఆ పండగ రోజు జరిగే పరేడ్ కథా అలాంటిదే. న్యూయార్క్‌లో అది 1762 నుంచి ఉంది, అంటే అమెరికా స్వతంత్ర దేశం కాకముందు నుంచి. ఐర్లాండ్‌లో మాత్రం చాలాకాలం అది ముఖ్యంగా చర్చికి వెళ్ళే రోజుగానే ఉండేది. కొన్ని దశాబ్దాల పాటు ఆ రోజు పబ్బులు చట్టప్రకారం మూసే ఉండేవి కూడా.

అది విన్నాక బోస్టన్ అమ్మాయి చెప్పింది తప్పని నాకు అనిపించలేదు. అమెరికాలో ఐరిష్ మూలాలున్నామని చెప్పుకునేవాళ్ళు మూడు కోట్లకు పైనే. ఐర్లాండ్ ద్వీపం మొత్తం కలిపినా జనాభా డెబ్భై లక్షల చిల్లర. వలస వెళ్ళినవాళ్ళు అక్కడ పెంచుకున్నది కూడా నిజమైన సంస్కృతే, కాకపోతే దాని ఊరు న్యూయార్క్, బోస్టన్. దీని గురించి క్లాసులో వాదన అరగంట పైన నడిచింది. నేను చూసిన వాటిలో అంత నిజాయితీగా జరిగిన చర్చ ఇంకోటి లేదు.

టిప్పుల మీద చెప్పిన ఐరిష్ కుర్రాడిదీ బాగుంది. ఐర్లాండ్ విద్యార్థులు చాలామంది వేసవిలో జె-1 వీసా మీద అమెరికా వెళ్ళి పనిచేసి వస్తారు. అతనూ అలాగే ఒక రెస్టారెంట్‌లో పనిచేశాడు. ఒక బిల్లు కాగితం తెర మీద పెద్దది చేసి పెట్టాడు. మొత్తం కింద టిప్ కోసం ఖాళీ గీత, దాని కింద మళ్ళీ మొత్తం కోసం ఇంకో ఖాళీ గీత. ఆ మొదటి గీత మీద ఏం రాస్తారో అదే తన ఇంటి అద్దె అన్నాడు. టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన కనీసం, ఫెడరల్ చట్టం ప్రకారం, గంటకు 2.13 డాలర్లు. అది 1991 నుంచి మారలేదు. టిప్పులతో కలిపినా మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు రాకపోతే తేడా యజమాని కట్టాలి. చాలా రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువే పెట్టుకున్నాయి, అది వేరే సంగతి. అమెరికా హోటళ్ళలో వెయిటర్లు నాలుగు నిమిషాలకోసారి వచ్చి అంతా బాగుందా అని ఎందుకు అడుగుతారో ఆ కాగితం ముక్కతో అర్థమైపోయింది.

చైనా నుంచి వచ్చిన అబ్బాయి హర్లింగ్ తీసుకున్నాడు, కర్రతో బంతిని కొట్టి ఆడే ఐర్లాండ్ ఆట అది. నోటితో చెప్పడం కంటే ముందు హర్లీ కర్రనీ బంతినీ చేతికిచ్చి క్లాసంతా తిప్పించాడు. పట్టుకుని చూస్తే ఆ కర్ర కొసన వెడల్పైన చోట చెక్క గీతలు తెగకుండా వంపు తిరిగి ఉంటాయి. యాష్ చెట్టు మొదట్లో, మాను వేరు వైపు తిరిగే చోట నుంచి కోస్తారు కాబట్టి ఆ వంపు చెట్టుదే. అందుకే దెబ్బకి తట్టుకుంటుంది. 2012లో ఐర్లాండ్‌లో యాష్ చెట్లకి తెగులు కనిపించింది, అప్పటి నుంచి కర్రకే కరువు, వెదురుతో చేసేవీ వచ్చాయి. డబ్లిన్ క్రోక్ పార్క్ స్టేడియంలో 82 వేల మంది ముందు ఫైనల్ ఆడేవాళ్ళకి జీతం ఉండదని అతను చెప్పినప్పుడు అమెరికన్లు నమ్మలేదు. ఖర్చులు, చిన్నపాటి గ్రాంట్లు తప్ప ఏమీ రావు. టీచర్లు, పోలీసులు, రైతులు తమ కౌంటీ (మన జిల్లా లాంటిది) తరఫున ఆడి మళ్ళీ పనికి పోతారు. దానికి ఒక అమెరికన్ లేచి తమ దగ్గర చాలా రాష్ట్రాల్లో అందరికంటే ఎక్కువ జీతం తీసుకునే ప్రభుత్వ ఉద్యోగి యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో అని చెప్పాడు. ఆ యూనివర్సిటీ ఆటగాళ్ళు తమ పేరు మీద ప్రకటనలతో సంపాదించుకోవడానికి అనుమతి వచ్చింది మాత్రం 2021లోనే. ఒకే గంటలో రెండు దేశాల ఆటలూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

అన్నిటికంటే నన్ను బాగా పట్టుకున్నది బ్రెజిల్ అమ్మాయి చెప్పిన చావు కబురు. ఆమె ఒక ఐరిష్ పెద్దావిడ ఇంట్లో అద్దెకుండేది. ఆవిడ తమ్ముడు పోతే పల్లెలో ఉన్న వాళ్ళింటికి తోడు వెళ్ళింది. ముందు గదిలో శవపేటిక మూత తెరిచి పెట్టి ఉంది. ఊరంతా వరసలో వచ్చి ఇంట్లోవాళ్ళందరి చేతులూ పట్టుకుని ఒక్క మాట చెప్పి, పెట్టె దగ్గర కాసేపు నిలబడి, వంటగదిలోకి వెళ్తున్నారు. అక్కడ ఇరుగుపొరుగు తెచ్చిన సాండ్‌విచ్‌లు, కేకులు, ఆగకుండా టీ. తాగనంటే ఊరుకోరు. పోయినాయన చేసిన అల్లరి పనులు చెప్పుకుని పక్క గదిలో నవ్వుకుంటున్నారు. రాత్రంతా ఎవరో ఒకరు ఆయన పక్కన కూర్చునే ఉన్నారు, ఒంటరిగా వదలలేదు. దీన్ని వేక్ అంటారు. చావు కబుర్లు లోకల్ రేడియోలో చదువుతారు, వాటికోసమే ఒక వెబ్‌సైట్ ఉంది, పరిచయం కొద్దిపాటిదైనా జనం వెళ్ళివస్తారు. ఇదంతా రెండు మూడు రోజుల్లో అయిపోతుంది.

అమెరికన్లలో ఒకతను తమ ఊళ్ళో ఇదంతా అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఫ్యూనరల్ హోమ్‌లో, ఫలానా టైమ్ నుంచి ఫలానా టైమ్ దాకా అని బోర్డు పెట్టి జరుగుతుందన్నాడు. శవానికి మందులు పట్టించి నిలవ ఉంచడం అక్కడ 1861-65 అంతర్యుద్ధం రోజుల్లో బాగా పెరిగింది. దూరంలో చనిపోయిన సైనికుల్ని ఇంటికి చేర్చాలి కదా. నేనూ లేచి మాట్లాడాను. మా వైపు చాలా ఇళ్ళల్లో చావింట పొయ్యి వెలిగించరు, చూసొచ్చినవాళ్ళు స్నానం చేసిగానీ ఇంట్లో అడుగుపెట్టరు, అలాంటిది మీరు అక్కడే కూర్చుని కేకు తింటారా అని అడిగాను. ఒక ఐరిష్ కుర్రాడు చాలా నెమ్మదిగా, "ఇంట్లోవాళ్ళకి ఆ రెండు రోజులు చేతినిండా పని ఉండాలి, లేకపోతే తట్టుకోలేరు" అన్నాడు. మనవైపు పదకొండో రోజు దాకా ఇల్లు చుట్టాలతో నిండి ఉండటం గుర్తొచ్చింది. ఆచారం తలకిందులుగా ఉన్నా చేస్తున్న పని ఒకటే.

ఆ అమ్మాయి చివరి స్లైడ్ అమెరికన్ వేక్ గురించి. అమెరికా ఓడ ఎక్కబోయే పిల్లల కోసం ముందు రాత్రి ఇంట్లో ఇలాగే జాగరణ చేసేవారు. పాటలు, డాన్సులు, ఏడుపులు, తెల్లారాక దారి కొసదాకా సాగనంపడం. వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనిపించరు కాబట్టి చావుకి చేసేదే వీళ్ళకీ. 1845 నుంచి 1852 దాకా బంగాళాదుంప తెగులుతో వచ్చిన కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది దేశం వదిలారు. ఆ తర్వాత కూడా వలస ఆగలేదు. కార్క్ పక్కనే ఉన్న కోవ్ రేవు నుంచే లక్షల మంది వెళ్ళారు. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో వలస వచ్చేవాళ్ళని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్ తెరిచినప్పుడు మొట్టమొదట అడుగుపెట్టిన యానీ మూర్ ఓడ ఎక్కింది అక్కడే. ఇద్దరు తమ్ముళ్ళతో ఉన్న ఆమె విగ్రహం రేవు ఒడ్డున ఉంది. శంషాబాద్‌లో డిపార్చర్స్ బయట ఇంటిల్లిపాదీ నిలబడి పిల్లల్ని పంపిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళం మేమందరం. మన దగ్గర వాట్సాప్ వీడియో కాల్ ఉంది, వాళ్ళకి నెలల తర్వాత వచ్చే ఉత్తరం. ఆ రోజు మా తెలుగు బ్యాచ్‌లో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

అన్నీ మనసు కరిగించేవే కాదు. నైజీరియా విద్యార్థి 1847లో అమెరికా మూలవాసులైన చోక్టా తెగ వాళ్ళు ఐర్లాండ్ కరువుకి 170 డాలర్లు పోగుచేసి పంపిన సంగతి చెప్పాడు. అప్పటికి వాళ్ళని సొంత నేల నుంచి తరిమేసి పదహారేళ్ళు కూడా కాలేదు, దారిలో వేలమంది చచ్చిపోయారు. కార్క్ దగ్గరి మిడిల్టన్‌లో తొమ్మిది ఉక్కు ఈకల స్మారకం ఉన్నది ఆ కృతజ్ఞతకే. 2020లో కోవిడ్‌తో అక్కడి మూలవాసులే అయిన నవాహో, హోపీ తెగలు ఇబ్బంది పడుతుంటే ఐర్లాండ్ నుంచి వేలమంది డబ్బు పంపారు. గది అంతా చప్పట్లు. వెంటనే అతనే ఇంకో స్లైడ్ తీశాడు. 1863 న్యూయార్క్ అల్లర్లలో నల్లవాళ్ళని వెంటాడి చంపిన గుంపుల్లో ఐరిష్ కార్మికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. బాధపడిన జాతి కాబట్టి ఇంకొకరిని బాధపెట్టదు అనుకోవద్దని అన్నాడు. ఐరిష్ విద్యార్థులు దాన్ని ఖండించలేదు, దాటవేయలేదు. బడిలో మాకు మొదటి సగమే చెప్పారని ఒకమ్మాయి ఒప్పుకుంది. ఆ ధైర్యం నాకు చాలా నచ్చింది, అతనిదీ ఆమెదీ.

ఇప్పుడు మీ టాపిక్ సంగతి. జెండా, తిండి, పండగ మూడూ ఒకే స్లైడ్‌లో ఇరికించొద్దు. చేత్తో పట్టుకోగలిగేదో, వెళ్ళి చూడగలిగేదో ఒకటి ఎంచుకోండి. కార్క్‌లో ఉంటే కోవ్‌కీ మిడిల్టన్‌కీ రెండిటికీ లోకల్ రైలుంది. హాలోవీన్ తీసుకున్నా బాగుంటుంది. ఐర్లాండ్‌లో దానికి మూలమైన సౌన్ పండగకి టర్నిప్ దుంపలు చెక్కి దీపాలు పెట్టేవారు, అమెరికా చేరాక అది గుమ్మడికాయ అయింది. మేయో కౌంటీ టర్లోలో ఉన్న మ్యూజియంలో చెక్కిన పాత టర్నిప్ ముఖం నుంచి తీసిన ప్లాస్టర్ అచ్చు ఒకటి ఉంది, చూస్తే నిజంగా భయమేస్తుంది. బాంజో ఇంకా మంచి టాపిక్. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్ళ చేతుల్లో కరీబియన్ దీవుల్లోనూ అమెరికాలోనూ పుట్టి, ఐర్లాండ్ పబ్బుల్లో వాయించే సంగీతంలో కలిసిపోయింది.

స్లైడ్లు తయారయ్యాక ప్రజెంటేషన్‌కి ముందే ఒక ఐరిష్ క్లాస్‌మేట్‌కి టీ దగ్గర చూపించండి. అందరి ముందు వాళ్ళు సాధారణంగా మీ తప్పు ఎత్తిచూపరు, బాగుంది అనేస్తారు. ఒంటరిగా అడిగితే ఉన్నదున్నట్టు చెప్తారు. అమెరికన్లు క్లాసులోనే నేరుగా అడుగుతారు, అది దాడి అనుకుని టెన్షన్ పడొద్దు. ఇక మిగతావాళ్ళు చెప్తున్నప్పుడు మనవాళ్ళు చాలామంది వెనక కూర్చుని తమ స్లైడ్లు సరిదిద్దుకుంటూ ఉంటారు. మీరు ముందు వరసలో కూర్చుని, ఒక్కో ప్రజెంటేషన్‌కి కనీసం ఒక ప్రశ్న రాసుకుని అడగండి. ఏం అడగాలో తోచకపోతే "మీ ఇంట్లో కూడా ఇలాగే చేస్తారా?" అని ఆ దేశం వాళ్ళ వైపు తిరిగి అడగండి, చాలు. మా క్లాసులో కార్న్‌డ్ బీఫ్ గొడవకి ఆ ప్రశ్న కూడా అవసరం రాలేదు, మీ క్లాసులో రావచ్చు.