ఫోర్-టూకి వచ్చేశాను, రెజ్యూమేలో రాయడానికి ఏమీ లేదు

ప్రశ్న: కూకట్‌పల్లి దగ్గర ఒక జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) ఫోర్-టూ, అంటే నాలుగో ఏడాది రెండో సెమిస్టర్, చదువుతున్నాను. సీజీపీఏ 7.1. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఒక్కటి పాసవ్వకుండా ఉండిపోయింది. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. త్రీ-టూలో ముగ్గురం నోడ్‌ఎంసీయూ (చిన్న వైఫై బోర్డు), దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో చేసిన వాటర్ ట్యాంక్ మినీ ప్రాజెక్టు తప్ప నాలుగేళ్లలో చెప్పుకోడానికేం లేదు. అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్లు మొత్తంగా తయారుచేసే) కోర్సులో చేరిపోనా?

జవాబు: కోర్సు సంగతి నెల రోజులు ఆపండి. ముందు వన్-వన్ నుంచి ఫోర్-టూ దాకా ఎనిమిది సెమిస్టర్లకు ఎనిమిది పేజీలు పెట్టుకుని, ఒక్కోదాంట్లో మీ చేతులతో ఏం చేశారో రాయండి. మార్కులు వద్దు. ల్యాబ్ రికార్డులు, పాత వాట్సాప్ గ్రూపులు, ఫోన్ గ్యాలరీ ముందేసుకుని కూర్చోండి. ఉత్త జ్ఞాపకాన్ని నమ్ముకుంటే పరీక్షలు, సినిమాలే గుర్తొస్తాయి. ఫెస్ట్‌కి స్పాన్సర్ల చుట్టూ తిరగడం, జూనియర్లకు ల్యాబ్ చెప్పడం కూడా రాయాల్సినవే.

మీరు ‘తప్ప’ అని తీసిపారేసిన ప్రాజెక్టు దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగండి. ‘ఐఓటీ ఆధారిత వాటర్ లెవెల్ మానిటరింగ్’ అన్న లైను ఈసీఈ రెజ్యూమేల్లో కుప్పలుగా ఉంటుంది. ఇంటర్వ్యూలో అడిగేది దాని లోపలి సంగతి. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ ఎకో పిన్ 5 వోల్టులిస్తుంది, నోడ్‌ఎంసీయూ బోర్డు 3.3 వోల్టుల మీద నడుస్తుంది. మధ్యలో ఏం పెట్టారు? 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించే డివైడర్ కడితే ఎంత వస్తుంది? ట్యాంకు మూత కింద తేమ పట్టి రీడింగులు ఎగిరితే? నీళ్లు సెన్సర్‌కి 2 సెంటీమీటర్ల కన్నా దగ్గరికొస్తే? మోటార్ స్విచ్‌లా పనిచేసే రిలే ఉండి, అది ఆన్ కాగానే బోర్డు రీసెట్ అవుతుంటే తప్పు కోడ్‌దా, సప్లయ్‌దా? వీటిలో సగానికి జవాబు చెప్పగలిగితే మీ దగ్గర సరుకుంది. చెప్పలేకపోతే సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, మళ్లీ కట్టండి. ముగ్గురిలో మీ వాటా ఏమిటో విడిగా రాసుకోండి. ‘మేం చేశాం’ అంటూ పోతే ‘అందులో నువ్వేం చేశావ్?’ అన్న చోట నోరు పెగలదు. మేజర్ ప్రాజెక్టును రెడీమేడ్‌గా కొనేవాళ్లకు పట్టే గతి కూడా ఇదే.

రెజ్యూమే ఒక్క పేజీ చాలు. ‘హార్డ్ వర్కింగ్’ లాంటి మాటలు తీసేసి ఆ చోట డివైడర్, రిలే సంగతి రాయండి. 7.1ని జేఎన్‌టీయూ లెక్కలో మారిస్తే, 0.5 తీసేసి పదితో గుణించాలి, 66 శాతం. 60 శాతం కటాఫ్ పెట్టేచోట మీకు ఇబ్బంది లేదు. అడ్డుపడేది బ్యాక్‌లాగే, అంటే ఆ ఉండిపోయిన సబ్జెక్టే. దాన్ని దాచొద్దు, సప్లీ (సప్లిమెంటరీ పరీక్ష) నోటిఫికేషన్ రాగానే ఫీజు కట్టేయండి. ఈ నెలలో ఏ కోర్సు కన్నా ఆ సబ్జెక్టుకే ఎక్కువ గంటలు పెట్టాలి.

ఆ ఎనిమిది పేజీల్లో మీకు హుషారు పుట్టించినవన్నీ బోర్డులూ సర్క్యూట్లే అయితే ఫుల్‌స్టాక్ మీ దారి కాదు; బోర్డుల్లోని చిప్‌లకు కోడ్ రాసే ఎంబెడెడ్ సీ చూడండి, కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో నమోదై ఈసీఐఎల్, బీడీఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల్లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌కి ప్రయత్నించండి. వెబ్ పేజీల్లాంటి పనే నచ్చి ఉంటే ఫుల్‌స్టాక్‌లో చేరండి, కానీ డెమో క్లాసులు విన్నాకే డబ్బు కట్టండి.

కాలేజీ వదిలేముందు లైబ్రరీ, ల్యాబ్‌ల నో డ్యూస్ (బాకీ ఏమీ లేదన్న కాగితం) తీసుకోండి. మెమోల్లో మీ పేరు, తండ్రి పేరు టెన్త్ మెమోతో అక్షరం అక్షరం సరిచూసుకోండి; తేడా ఉంటే ఇప్పుడే ఎగ్జామ్ బ్రాంచిలో దరఖాస్తు ఇవ్వండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని సర్టిఫికెట్లు ఆపితే, ఎంత బకాయో కాగితం మీద రాసిమ్మని అడగండి.