50 సీట్ల కో-వర్కింగ్‌లో రాత్రి యాక్సెస్, సాయంత్రం మీటప్‌లు: కార్డు ఇచ్చేస్తే సరిపోతుందా?

అడిగింది: కొండాపూర్‌లో రెండో అంతస్తులో 50 సీట్ల కో-వర్కింగ్ (వేర్వేరు పనులవాళ్లు సీటు అద్దెకు తీసుకుని కూర్చునే ఆఫీసు) తెరుస్తున్నాం. అమెరికా క్లయింట్లతో పనిచేసేవాళ్లు 24 గంటల యాక్సెస్ కావాలంటున్నారు. నెలకు రెండు టెక్ మీటప్‌లు కూడా పెట్టాలని ఉంది. ఏమేం చూసుకోవాలి?

కార్డు ఒక్కటే సరిపోదండీ. కార్డు తలుపు తీస్తుంది, అంతవరకే. రాత్రి పదకొండింటికి ఏసీ ఆగిపోయినా, ఎవరైనా లిఫ్టులో ఇరుక్కున్నా, ముఖం తెలియని మనిషి లోపలికొచ్చినా చూసుకోవడానికి అక్కడ ఒకరు ఉండాలి. మనిషిని పెట్టగలిగినన్ని గంటలే యాక్సెస్ ఇవ్వండి. ఆ ఖర్చు ఇప్పుడే భరించలేమనుకుంటే రాత్రి పదికి మూసేస్తామని ముందే చెప్పేయండి, సభ్యులు అర్థం చేసుకుంటారు. 24 గంటలని బోర్డు పెట్టి రాత్రిపూట ఫోనెత్తకపోతే మాత్రం క్షమించరు.

అన్నిటికంటే ముందు అద్దె ఒప్పందం తీసి చదవండి. మన ఫ్లోరు తలుపు మన చేతిలోనే ఉంటుంది కానీ సెల్లార్ గేటు, లిఫ్టు, మెట్ల లైట్లు, జనరేటర్ ఓనరు చేతిలో ఉంటాయి. ఇవన్నీ రాత్రంతా నడుస్తాయని కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా ఒప్పుకున్నవి వాచ్‌మన్ మారిన రోజే పోతాయి. ఇంకొకటి మరీ ముఖ్యం: రాత్రయితే ఫైర్ ఎగ్జిట్ మెట్లకి గొలుసు చుట్టి తాళం వేసే అలవాటు చాలా బిల్డింగుల్లో ఉంది. మీ గార్డు డ్యూటీ ఎక్కగానే ఆ మెట్ల మీదుగా కింది గేటు దాకా దిగి, తలుపు చేత్తో తోసి చూడాలి. తాళం కనిపిస్తే అది తీయించేదాకా ఎవరినీ లోపల కూర్చోబెట్టకండి. ఈ విషయంలో సర్దుకుపోవడం ఉండకూడదు.

ఇక ఖర్చు. రాత్రి 50 సీట్లూ తెరిచి ఉంచక్కర్లేదు. ఎంట్రన్స్‌కి దగ్గరగా, కెమెరాకు కనిపించేలా 12 నుంచి 14 సీట్లు, రెండు ఫోన్ బూత్‌లు కలిపి నైట్ జోన్ చేసి మిగతావైపు ఏసీలూ లైట్లూ కట్టేయండి. ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు తింటుంది. రెండు ఏసీలు ఎనిమిది గంటలు నడిస్తే 24 యూనిట్లు, కమర్షియల్ రేటు యూనిట్‌కి 11 రూపాయలు వేసుకుంటే రాత్రికి 264. నెలకు 26 రాత్రులకి దాదాపు 6,900. ఏజెన్సీ గార్డుకి 18,000, లైట్లూ టీ పొడీ వగైరా ఓ రెండు వేలు. మొత్తం 27,000 దగ్గర తేలుతుంది. పదిమంది చేరితే తలకు 2,700 పడుతుంది, ఆరుగురే అయితే 4,500. అందుకే కనీసం ఎనిమిది మంది మూడు నెలలకి ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. దీన్ని మామూలు ప్లాన్‌లో కలిపేయొద్దు. పగటి సభ్యుల డబ్బుతో రాత్రి నడపడం ఎక్కువ నెలలు సాగదు. జనరేటర్ మీద నడిచే గంటలు వేరే లెక్క. లీటరు డీజిల్‌కి మూడు, మూడున్నర యూనిట్లే వస్తాయి కాబట్టి యూనిట్ 30 రూపాయలకి అటూ ఇటూగా పడుతుంది.

గంటల సంగతి: న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకి సాయంత్రం 6:30. నవంబర్ మొదటి వారంలో వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే అది 7:30 అవుతుంది, మార్చిలో మళ్లీ 6:30కి వస్తుంది. ఏసీ టైమర్లు, గార్డు షిఫ్టు ఆ రెండు తేదీల్లో మార్చుకోవాలి. మీ దగ్గర రాత్రి ఒంటిగంట, రెండు తర్వాత కుర్చీలు ఖాళీగానే ఉండొచ్చు, కాబట్టి 3 దాకా ఇస్తే చాలామందికి సరిపోతుంది. అర్ధరాత్రి దాటాక వెళ్లే మహిళా సభ్యులు లోపలే కూర్చుని, క్యాబ్ గేటు దగ్గరికొచ్చాకే కిందికి దిగేలా, గార్డు బండి నంబరు రాసుకునేలా పద్ధతి పెట్టండి.

తలుపు దగ్గర కాస్త ఆగుదాం. గాజు తలుపుకి సాధారణంగా 600 పౌండ్ల ఈఎం లాక్ (కరెంటు ఉన్నంతసేపు అయస్కాంతంతో పట్టి ఉంచే తాళం) పెడతారు, అంటే దాదాపు 270 కిలోల పట్టు. కరెంటు పోతే అది తెరుచుకుంటుంది, ప్రాణాల కోసం అలా ఉండటమే మంచిది. ఫైర్ అలారం మోగినప్పుడు కూడా రిలే ద్వారా లాక్‌కి సరఫరా తెగిపోవాలి. మామూలు కరెంటు కోతలకి మాత్రం 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీ ఉన్న పవర్ సప్లై పెట్టించండి. అర ఆంపియర్ తీసుకునే లాక్ దానిమీద పది గంటలకు తక్కువ కాకుండా నిలుస్తుంది. బ్యాటరీ పాతబడితే రెండు గంటలకే చేతులెత్తేస్తుంది, కాబట్టి ఆరునెలలకోసారి మెయిన్ ఆపి చూడండి.

లాక్ పడుతున్నా తలుపు గట్టిగా లాగితే ఊడిపోతోందంటే ముందు తలుపుకి బిగించిన ఇనుప పలక చూడండి. దాని వెనక రబ్బరు వాషర్ ఉంటుంది, పలక వేలితో నొక్కితే కొంచెం ఊగాలి. బిగించేవాళ్లు స్క్రూ పూర్తిగా టైట్ చేసేస్తే పలక లాక్ మీద సమంగా కూర్చోదు, పట్టు బాగా తగ్గిపోతుంది. దీనికి లాక్ మార్చక్కర్లేదు, స్క్రూ ఒక చుట్టు వదులు చేస్తే చాలు.

కార్డుల్లో చవకగా దొరికే 125 కిలోహెర్ట్జ్ రకం వద్దు. తాళంచెవులు చేసే షాపులో కూడా నకలు తీసిస్తారు. 13.56 మెగాహెర్ట్జ్‌లో డెస్‌ఫైర్ రకం తీసుకోండి, దానికి నకలు తీయడం అంత తేలిక కాదు. పిన్ నంబర్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి కాబట్టి రాత్రికి పిన్ పనికిరాదు. వేలిముద్రలు తీసుకుంటే 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం కింద సమ్మతి, భద్రత, తొలగింపు బాధ్యతలన్నీ నెత్తిమీద పడతాయి, అవసరం లేని తలనొప్పి. టీములకి కార్డులిస్తే ప్రతినెలా ఒకటో తేదీన జాబితా పంపి, ఇంకా ఉన్నదెవరో టీము లీడుతో రాయించుకోండి. ఉద్యోగం మానేసినవాళ్ల కార్డులు బతికుండటం ఈ వ్యాపారంలో నిత్యం కనిపించే లోపం.

మీరు వేరువేరుగా అడిగిన రెండూ అసలు కలిసేది సాయంత్రం 6:30, 9 మధ్యన. రిసెప్షన్ వాళ్లు ఇంటికి వెళ్లే సమయం, నైట్ సభ్యులు వచ్చే సమయం, మీటప్‌కి కొత్తవాళ్లు వచ్చే సమయం, అన్నీ అదే. ఒకరు కార్డు గీస్తే వెనకే నలుగురు లోపలికి వస్తారు. తలుపు పట్టుకుని నిలబడటం మన మర్యాద మరి. అందుకని ఈవెంట్ రోజుల్లో గార్డు షిఫ్టు 6కే మొదలుపెట్టండి, ఈవెంట్ హాలుకీ పనిచేసే చోటుకీ మధ్య వేరే లాక్ ఉన్న తలుపు పెట్టండి. వచ్చినవాళ్లకి పేరు రాసిన స్టిక్కరు, బయటికి వెళ్లేటప్పుడు తలల లెక్క. ఈవెంట్ 8:30కి ముగించి 9కి హాలు ఖాళీ చేయించండి. నిర్వాహకులెవరైనా సరే, మీ సభ్యుల్లో ఒకరు బాధ్యుడిగా పేరు రాయాలి.

వారం మధ్యలో కన్నా శనివారం ఉదయం 10:30 మేలు. పనిరోజు సాయంత్రం కొండాపూర్ ట్రాఫిక్‌లో సికింద్రాబాద్ నుంచి 6:30కి ఎవరూ చేరలేరు, వక్త కూడా. ఉచిత మీటప్‌కి పేరు ఇచ్చినవాళ్లలో సగానికి అటూ ఇటూగా వస్తారు. 80 మంది నమోదైతే 50 కుర్చీలు, 50 మందికి స్నాక్స్, రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు చాలు. పాటలు పెడితే పాటల హక్కులు చూసే పీపీఎల్, ఐపీఆర్ఎస్ సంస్థల లైసెన్సులు చూసుకోవాలి. పెట్టకపోతే పోయేదేమీ లేదు.

ఈవెంట్ రోజు వైఫై పడిపోతే చాలామంది ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తారు. కారణం తరచూ మన రూటర్లోనే ఉంటుంది. మామూలు సెట్టింగులో 254 ఐపీ చిరునామాలే ఉంటాయి, ఒక్కోటి 24 గంటలు పట్టుకుని కూర్చుంటుంది. పగలు వచ్చి వెళ్లినవాళ్ల ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ సాయంత్రం వచ్చినవాళ్లవీ కలిస్తే చిరునామాలు అయిపోతాయి. సిగ్నల్ నిండుగా చూపిస్తుంది కానీ కొత్తవాళ్లకి కనెక్ట్ కాదు. గెస్ట్ నెట్‌వర్క్‌ని వేరే వీఎల్ఏఎన్ (అదే రూటర్లో విడిగా నడిచే నెట్‌వర్క్) చేసి లీజు, అంటే చిరునామా పట్టుకుని ఉండే సమయం, గంటకి తగ్గించండి, మనిషికి 5 ఎంబీపీఎస్ హద్దు పెట్టండి, 30 మందికి ఒక యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) లెక్కన వేయండి. లేకపోతే పక్క బూత్‌లో క్లయింట్ కాల్‌లో ఉన్న సభ్యుడి గొంతు తెగిపోతుంది, డబ్బు కట్టేది అతనే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు (నెట్‌వర్క్‌లో ఎప్పుడేం జరిగిందో చెప్పే రికార్డులు) 180 రోజులు దాచాలి, ఆ ఆప్షన్ మొదటిరోజే ఆన్ చేయించండి.

కెమెరాల విషయంలో ఒక చట్టం గుర్తుంచుకోండి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం, ఒకేసారి వందమంది చేరే చోట్ల సీసీ కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగ్ ఉంచమంటుంది. 50 సీట్లకి మీటప్ జనం కలిస్తే మీరు ఆ గీత దగ్గరే ఉంటారు. ఎనిమిది కెమెరాలు ఒక్కోటి 2 ఎంబీపీఎస్ చొప్పున రోజుకి 170 జీబీ పైగా రాస్తాయి, 30 రోజులకి 5 టీబీ దాటుతుంది. అమ్మేవాళ్లు 1 టీబీ డిస్కు పెట్టి వెళ్లిపోతారు, అది ఆరు రోజులకే పాతవి చెరిపేస్తుంది. 6 టీబీ అడగండి. సభ్యుల స్క్రీన్లు కనిపించే కోణంలో మాత్రం ఏ కెమెరా ఉండకూడదు.

మీటప్‌లు కొత్త ముఖాల్ని తెస్తాయి కానీ ఉన్న సభ్యుల్ని నిలబెట్టేవి శుక్రవారం మధ్యాహ్నం కలిసి తినే భోజనాలు. 1:15కి అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, తలా ఒక నిమిషం ఈ వారం ఏం చేస్తున్నాం, ఎవరి సాయం కావాలి అని చెప్పుకుంటారు. జీఎస్‌టీ చూసే మనిషి కావాలన్నవారికి పక్క కుర్చీలోనే సీఏ దొరుకుతారు. మొదటి మూడు నెలలు మీటప్ ఒకటి తగ్గించైనా దీన్ని ఆపకండి.

మీ బాత్రూమ్‌లు ఫ్లోరులో ఎటువైపు ఉన్నాయో రాయండి. అవి పని చేసుకునే హాలు దాటాక ఉంటే ఈవెంట్‌కి వచ్చిన ప్రతి ఒక్కరూ దాని గుండానే నడుస్తారు. అప్పుడు నేను చెప్పిన మధ్య తలుపు వేరే చోట పెట్టాల్సి వస్తుంది.