రహస్య లిపి, సమ్మెలు: లైబ్రరీలో ఎలా వెతకాలి

అన్నా, మీ పాప ఎనిమిదో తరగతి ప్రాజెక్టుకు రహస్య లిపి, కార్మికుల సమ్మెలు అనే రెండు అంశాలు ఇచ్చారని, హనుమకొండ లైబ్రరీలో ఎంత వెతికినా ఏమీ దొరకలేదని రాశారు. టెన్షన్ పడకండి. పేరుతో కాదు, నంబరుతో వెతకండి. అంశాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో సర్దిన ర్యాకుల్లో రహస్య లిపి 652.8 దగ్గర, సమ్మెలు 331.89 దగ్గర ఉంటాయి. అలా సర్దని చోట లైబ్రేరియన్‌నే అడగండి.

సమ్మెలకైతే పుస్తకాలకంటే పాత పేపర్లు మేలు. 2011 సెప్టెంబర్, అక్టోబర్ బైండింగులు ఉన్నాయేమో కనుక్కోండి. సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. సింగరేణి కార్మికులు గనుల్లోకి దిగకపోవడంతో బొగ్గు ఆగి, కరెంటు కోతలు పెరిగాయి. ఆ వార్తలు రోజువారీగా వరుసగా చదివితే సమ్మె ఎలా బిగుసుకుందో పాపకే తెలుస్తుంది. 1934లో పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు మన వరంగల్‌దే కదా, అందులో పనిచేసిన పెద్దలు మీ వాడలో ఉంటే తప్పకుండా మాట్లాడించండి. ఆ మాటలు ఏ ర్యాకులోనూ దొరకవు.

లిపికి తేలిక దారి ఉంది. గుణింతం అలాగే ఉంచి, ప్రతి హల్లుకు బదులు వర్ణమాలలో దాని తర్వాతి హల్లు రాయమనండి. 'గని' కాస్తా 'ఘపి' అవుతుంది. జూలియస్ సీజర్ వాడింది ఇలాంటి పద్ధతే. విప్పాలంటే ఎక్కువసార్లు వచ్చే అక్షరాలు లెక్కపెట్టి, మామూలు రాతలో ఎక్కువగా వచ్చే అక్షరాలతో పోల్చాలి. 9వ శతాబ్దంలో అరబ్ పండితుడు అల్ కిందీ చెప్పిన ఉపాయం అది. పేపర్లోని సమ్మె వార్త ఒకటి ఈ లిపిలో రాయిస్తే రెండు అంశాలూ ఒకే చార్టులో వస్తాయి.