పాస్టర్ల బోర్డు చూసి సంఘ చరిత్ర రాయకండి

ప్రశ్న: గుంటూరు వైపు మా లూథరన్ సంఘానికి నూరేళ్ళ పండుగ దగ్గరపడింది. మొదటి నుంచి పనిచేసిన పాస్టర్ల పేర్లు, కాలాలతో సావనీరుకు చరిత్ర రాసే పని నాకు అప్పగించారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

చర్చిలో పాస్టరుగారు సిద్ధమయ్యే వెస్ట్రీ గదిలో వేలాడే పాస్టర్ల బోర్డు దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. దాన్ని ఎప్పుడో ఒక జూబిలీకి హడావిడిగా రాయించి ఉంటారు. ఎవరో ఇద్దరు ముగ్గురు పెద్దలు గుర్తున్నంత చెబితే, పెయింటరు చోటు పట్టినంత రాశాడు. ఆరు నెలలకే బదిలీ అయినాయన, పెద్దలతో పడక వెళ్ళిపోయినాయన, పక్క పారిష్ (ఒక పాస్టరు కిందుండే ఊళ్ళ గుంపు) నుంచి ఇన్‌చార్జిగా వచ్చి రెండేళ్ళు సంస్కారం (ప్రభువు బల్ల) ఇచ్చినాయన, ఈ ముగ్గురికీ బోర్డు మీద చోటు దొరకదు. ఆ బోర్డును చూసి పాత సావనీరు వేశారు. దాన్ని చూసి కొత్తది వేస్తారు. తర్వాత ఎవరైనా అడిగితే "అచ్చులో ఉందండీ" అంటారు.

మొదలుపెట్టాల్సింది బాప్తిస్మం రిజిస్టరుతో. బాప్తిస్మం ఇచ్చినవారి సంతకం గడి చూడండి. ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసుకుని, ప్రతి సంతకానికీ మొదట కనిపించిన తేదీ, చివర కనిపించిన తేదీ, మొత్తం ఎన్నిసార్లు, మధ్యలో ఎక్కడెక్కడ ఖాళీ ఉంది అన్నది రాసుకోండి. ఒకే తేదీన ఇరవై ముప్పై బాప్తిస్మాలు ఉండి, ఆ సంతకం మళ్ళీ ఎక్కడా లేకపోతే ఆయన మీ పాస్టర్ కాదు, మీటింగులకు వచ్చిన అతిథి. ఏడాది పొడవునా ఒకటీ రెండుగా చేస్తూ ఉన్నాయనే అక్కడ కాపురమున్నాయన. ఇద్దరి సంతకాలు మూడు నాలుగు నెలలు కలగలిసి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. బదిలీ ఆర్డరు వచ్చిన తేదీ వేరు, చార్జి పుచ్చుకున్న తేదీ వేరు, బండి మీద సామాను దిగిన తేదీ వేరు.

దీన్ని పెళ్ళిళ్ళ రిజిస్టరుతో సరిచూడండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి చేయడానికి మిషన్ పాస్టరుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, చేసిన పెళ్ళి వివరం రిజిస్ట్రారుకు పంపాలి. అందుకే ఈ పుస్తకంలో సంతకాలు మిగతా వాటికన్నా జాగ్రత్తగా ఉంటాయి, చర్చి దగ్గరున్న పుస్తకాన్ని చెదలు తిన్నా ప్రభుత్వం దగ్గర ఆనవాలు దొరికే వీలుంటుంది. మూడోది క్యాష్‌బుక్. దీన్ని ఎవరూ తెరవరు గానీ నా దృష్టిలో అన్నిటికన్నా నిజాయితీగల పుస్తకం ఇదే. జ్ఞాపకం పొరపాటు పడుతుంది, జీతం ఎవరికి ఇచ్చామన్నది పొరపాటు పడదు. 1957 ఏప్రిల్ 1కి ముందు లెక్కలు రూపాయి, అణా, "పై"ల్లో ఉంటాయి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 "పై"లు. "12–8–0" అంటే పన్నెండున్నర రూపాయలు. దాన్ని తేదీ అనుకుని ఎక్కించుకున్నవాళ్ళు ఉన్నారు.

పాత కాగితాల్లో ఊరి పేరు వెతికేటప్పుడు జిల్లా పేరు చూసి మోసపోవద్దు. గుంటూరు జిల్లాను 1859లో రద్దు చేశారు, మళ్ళీ 1904లో ఏర్పాటు చేశారు. ఆ మధ్య నలభై అయిదేళ్ళూ మీ ఊరు కృష్ణా జిల్లా కింద కనిపించవచ్చు. 2022 తర్వాత అదే ఊరు పల్నాడులోనో బాపట్లలోనో ఉండవచ్చు. మిషన్ నివేదికల్లో ఊళ్ళ పేర్లు దొరల నోట పలికినట్టు ఉంటాయి: సామర్లకోట "శామల్‌కోట", కాకినాడ "కొకనాడ", ఏలూరు "ఎల్లూర్". స్థలం పత్రాల్లో ఫసలీ (భూమి శిస్తు లెక్కల) సంవత్సరం ఉంటే దానికి 590 కలపండి. ఫసలీ 1337 అంటే 1927 జూలై నుంచి 1928 జూన్ దాకా.

ఇంకోమాట. లూథరన్ అన్నంత మాత్రాన అందరి మూలం ఒకటి కాదు. మీది గుంటూరు వైపు కాబట్టి అమెరికా మిషన్, 1927 నుంచి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి. తిరుపతి, గూడూరు, నాయుడుపేట వైపు సంఘాలకు మూలం జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ మిషన్. సాలూరు, పార్వతీపురం వైపు బ్రెక్లుం మిషన్. ఇవన్నీ కలిపేసి ఒకే మిషనరీ అందరికీ బాప్తిస్మం ఇచ్చినట్టు రాసే సావనీర్లకు లోటు లేదు.

ఇక గుంటూరులో అమెరికా లూథరన్ మిషన్ పని మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్. ఆయన లేకుండా మీ సావనీరు రాదు కాబట్టి, కనీసం సరిగ్గా రానివ్వండి. ప్రతిచోటా "77 ఏళ్ళ వయసులో మళ్ళీ వచ్చారు" అని ఉంటుంది. ఆయన పుట్టింది 1793 జూలై 10న, జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న, అంటే 49 నిండిన మూడు వారాలకు. కలెక్టరు స్టోక్స్ ఆదరించి అక్కడ నిలబెట్టాడు. 1840ల మధ్యలో అమెరికా వెళ్ళి, బాల్టిమోర్‌లో వైద్యం చదివి, 1848లో తిరిగొచ్చి, మరుసటేడు పల్నాడులో గురజాల చేరారు. 1857లో మళ్ళీ వెళ్ళిపోయారు. ఈలోగా ఉత్తర జర్మన్ మిషన్ వాళ్ళు రాజమండ్రిలో మొదలుపెట్టిన పని కూడా అమెరికా వాళ్ళ చేతికొచ్చింది.

ఆ తర్వాత కథ ఎవరూ నింపాదిగా చెప్పరు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి డబ్బు, మనుషులు రెండూ కరువయ్యాయి. మిషనరీల్లో గ్రోనింగ్ 1865లో వెళ్ళిపోయాడు. రాజమండ్రిలో ఉన్న లాంగ్ 1866లో మశూచితో చనిపోయాడు. 1858లో వచ్చిన ఉనాంగ్స్ట్ ఒక్కడే గుంటూరులో మిగిలాడు. గుంటూరు, రాజమండ్రి రెండు ఫీల్డులూ ఒక్క మనిషి చేతిలో పడ్డాయి. పైగా అక్కడ అమెరికాలో లూథరన్లు చీలిపోయారు. రాజమండ్రిని ఇంగ్లీషు వాళ్ళ చర్చ్ మిషనరీ సొసైటీకి అప్పగించేద్దామనే దాకా వచ్చింది. జర్మనీలో ఉన్న ముసలి హయ్యర్‌కు ఆ కబురు అందింది. తిరిగి పెన్సిల్వేనియా వెళ్ళి, 1869లో అక్కడి లూథరన్ల సభ ముందు నిలబడి, నేనే వెళ్తానన్నాడు. ఆ ఏడాది చివర రాజమండ్రి చేరాడు. అప్పగింత ఆగిపోయింది. ఆ ఒక్క ప్రయాణం జరగకపోతే గోదావరి తీరాన ఈ రోజు లూథరన్ సంఘాలుగా ఉన్నవి ఆ సొసైటీ సంఘాలతో పాటు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) కలిసి ఉండేవని నా గట్టి నమ్మకం.

మరి 77 ఎక్కడిది? 1869 చివరికి ఆయనకు నిండినవి 76. నడుస్తున్నది 77. మన పెద్దవాళ్ళ లెక్కలో నడుస్తున్న ఏడే వయసు కాబట్టి తప్పనడానికి లేదు. కానీ ఇదే మెలిక మీ రిజిస్టర్ల నిండా ఉంటుంది. పాస్టరుగారి సమాధి రాతి మీద 71, భూస్థాపనల పుస్తకంలో 70 అని ఉంటే ఇద్దరు మనుషులనుకుని రెండు వరసలు రాయకండి. పెద్దవాళ్ళ బాప్తిస్మాల్లో వయసులు 30, 40, 50 అని గుండుగుత్తగా ఉంటాయి. వాటి మీద పుట్టిన సంవత్సరం లెక్కకట్టడం దండగ. ఒకాయన రెండు మూడు విడతలుగా పనిచేస్తే ప్రతి విడతా విడిగా రాయాలి. "హయ్యర్, 1842 నుంచి 1870ల దాకా" అని ఒకే గీత గీస్తే, ఉనాంగ్స్ట్ ఒంటరిగా మోసిన ఏళ్ళు ఆ గీత కింద మాయమైపోతాయి.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. రెండు ఫీల్డులకు ఒక్క దొర ఉన్నప్పుడు పల్లెల్లో ఆదివారం ఆరాధన ఎవరు నడిపారు? పిల్లలకు లూథరు చిన్న ప్రశ్నోత్తరి ఎవరు వల్లె వేయించారు? చనిపోయినవాళ్ళను ఎవరు పాతిపెట్టారు? ఉపదేశి. పగలు బడిపంతులు, సాయంత్రం ప్రార్థన, ఆదివారం వాక్యం, అన్నీ ఆయనే. పాస్టరుగారు పారిష్‌లోని ఊళ్ళన్నీ తిరుగుతూ సంస్కారానికి వచ్చేవారు, ఉపదేశి ఊళ్ళోనే ఉండేవాడు. పాస్టరుగా అభిషేకం పొందలేదు కాబట్టి రిజిస్టరులో ఆయన సంతకం ఉండదు. సంతకం లేదు కాబట్టి బోర్డు మీద పేరు ఉండదు. మీ సంఘానికి మొదటి పాతికేళ్ళలో పాస్టర్ల పేర్లు దొరకడం లేదంటే చరిత్ర లేదని కాదు, వెతకాల్సిన చోటు వేరే ఉందని.

ఆ చోటు బడి. మిషన్ బడికి ప్రభుత్వ గ్రాంటు వచ్చి ఉంటే అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీలు ఉండి తీరాలి. బడి ఇప్పుడు ఎయిడెడ్‌గా నడుస్తున్నా, ప్రభుత్వ బడిలో కలిసిపోయినా హెడ్‌మాస్టరుగారిని అడగండి. క్యాష్‌బుక్‌లో నెలనెలా ఉపదేశి జీతం, బైబిలు స్త్రీ (ఆడవాళ్ళకు వాక్యం చెప్పే మిషన్ ఉద్యోగిని) జీతం పద్దులు చూడండి. బైబిలు స్త్రీల విషయంలో ఇంకో చిక్కు. "దేవదాసుగారి భార్య" అనో, "మరియమ్మ" అనో రాసి వదిలేస్తారు, ఇంటిపేరు ఉండదు. కాగితం మీది హోదా కూడా నిజం చెప్పదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చినప్పుడు కాగితాల మీద జెనానా పనికి (ఇళ్ళలోని ఆడవాళ్ళ మధ్య పనికి) వచ్చిన మిషనరీయే, డాక్టరు కాదు. ఆమె ఆసుపత్రి తెరుచుకునేసరికి 1898 అయింది. అంత చదువుకున్న దొరసానికే అలా జరిగితే, పల్లెలో కాన్పులు చేసి, చదువు చెప్పి, ప్రార్థన నడిపిన మనిషిని "కూలి 3 రూ." అని రాసి వదిలేయడంలో ఆశ్చర్యమేముంది.

పేర్ల దగ్గర ఇంకా పొరపాట్లు పడతాయి. "ఎన్. యేసుదాసు" ఇద్దరుంటారు, తండ్రీ కొడుకో, బాబాయీ అబ్బాయో. ఇంటిపేరు పూర్తిగా తెలిసే దాకా ఒక్కరిగా కలపకండి. బాప్తిస్మానికి ముందు పేరు రిజిస్టరులో రాసి ఉంటే దాన్ని కూడా ఎత్తి రాయండి. సిగ్గుపడి కొట్టేయమనేవాళ్ళు ఉంటారు. వినకండి. ఆ పాత పేరుతోనే స్థలం పట్టా ఉండవచ్చు.

మిషన్ నివేదికల్లో అంకెలు కూడా జాగ్రత్త. బాప్తిస్మం పొందినవాళ్ళు, ప్రభువు బల్లలో పాలుపొందేవాళ్ళు, బాప్తిస్మానికి సిద్ధపడుతున్నవాళ్ళు మూడు వేరు లెక్కలు. ఒక ఏడు మొదటిది, మరో ఏడు రెండోది తీసుకుంటే సంఘం సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. పాపం, ఆ ఏడు పాస్టరుగారి మీద నింద పడుతుంది.

పుస్తకాలు చేతికొచ్చాక చేయకూడనివి: లామినేషన్, సెలోటేపు, జిరాక్సు మిషను మీద పుస్తకాన్ని బోర్లా వేసి నొక్కడం. లామినేషన్ వేడికి పాత కాగితం, సిరా దెబ్బతినవచ్చు, తర్వాత దాన్ని ఊడదీయలేరు. సెలోటేపు నాలుగైదేళ్ళకు పచ్చబడి కాగితాన్ని పట్టుకుని ఊడుతుంది. పుస్తకాన్ని బల్ల మీద పరిచి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోను సరిగ్గా పైనుంచి పట్టుకుని పేజీకి రెండు ఫోటోలు తీయండి. ఖాళీ పేజీలు కూడా తీయాలి, లేకపోతే మధ్యలో పేజీ పోయిందా, రాయలేదా అన్నది తర్వాత తేలదు. పక్కన పెట్టుకోవలసింది పెన్సిలు, పెన్ను కాదు. అరిగిపోయిన శిలాఫలకానికి సున్నం, పెయింటు పూయొద్దు. సాయంత్రం చీకటి పడ్డాక టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే అక్షరాలు నీడతో లేస్తాయి. పాత రాయి మీద కొత్త గ్రానైటు అంటించి ప్రారంభోత్సవం చేసిన నాయకుల పేర్లు చెక్కించే అలవాటు గురించి మాట్లాడకపోవడమే నయం.

రికార్డులు ఇవ్వకపోతే? ఇది ఈ రోజుల్లో మామూలే. రెండు వర్గాలు, ఒక బీరువా, రెండు తాళాలు, కోర్టులో కేసు. ఎవరికి ఇచ్చినా రెండోవాళ్ళు అనుమానిస్తారు. పుస్తకం అప్పు అడగకండి, ఇద్దరి సమక్షంలో అక్కడే ఫోటోలు తీస్తానని అడగండి, ఒక సెట్టు ఇద్దరికీ ఇస్తానని రాసివ్వండి. చాలాసార్లు అంతటితో తాళం తెరుచుకుంటుంది.

పెద్దవాళ్ళను సంవత్సరం అడిగితే చెప్పలేరు. "దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా?" అనండి, 1977 నవంబరు గుర్తుండనివాళ్ళు ఆ వైపు ఉండరు. "మీ పెద్దమ్మాయి కన్ఫర్మేషన్ ఎవరు చేశారు?" అని అడిగితే పాస్టరు పేరు దానంతటదే వస్తుంది. ఇద్దరిని ఒకేసారి కూర్చోబెట్టకండి. గొంతు పెద్దగా ఉన్నాయన చెప్పిందే ఇద్దరి జ్ఞాపకం అయిపోతుంది.

చివరికి పట్టిక వేసేటప్పుడు పాస్టరు గడి పక్కనే ఉపదేశి, బైబిలు స్త్రీ, బడిపంతులు గడులు కూడా పెట్టండి. పేరు దొరకని ఏళ్ళలో ఊహించి నింపొద్దు, ఖాళీగానే అచ్చు వేయండి. పండుగ రోజు ఆ ఖాళీని చూసి "అప్పుడు మా తాతేగా ఉంది!" అని ఎవరో ఒకావిడ ఇంట్లోంచి పాత బైబిలు పట్టుకొస్తుంది. దాని అట్ట లోపల పేరు, తేదీ ఉంటాయి. రెండో విడత అచ్చుకు డబ్బు ఇప్పుడే కమిటీని అడిగి పెట్టుకోండి.