వల కన్ను పెద్దదైనా పిల్ల చేపలు ఎందుకు పడుతున్నాయి?

ప్రశ్న: మాది భీమిలి దగ్గరి తీర గ్రామం. వల కన్ను పెద్దదైతే పిల్ల చేపలు తప్పించుకుంటాయని చెబుతున్నారు. కానీ పెద్ద కన్నున్న ట్రాల్ వలల్లోనూ వేలెడంత పిల్లలు పడుతూనే ఉన్నాయి. కారణమేమిటి? కన్ను పెంచితే మా రాబడి తగ్గదా?
- ఒక పాఠకుడు

జవాబు: మీరు చూసినది నిజమే. కన్ను కొలత ఎంత అన్నదానితో పాటు, నీళ్లలో లాగుతున్నప్పుడు ఆ కన్ను ఏ ఆకారంలో ఉంటుందన్నదీ చూడాలి.

ఉల్లిపాయలు పోసే వల సంచిని రెండు కొసలా పట్టుకుని గట్టిగా లాగి చూడండి. కన్నులన్నీ సాగి సన్నని చీలికలైపోతాయి. బోటు గంటల తరబడి లాగే ట్రాల్ వలలో, చేపలు చేరే చివరి సంచికి జరిగేది కూడా ఇదే. పైగా సంచి నిండేకొద్దీ లోపలి చేపలే కన్నులకు అడ్డుపడతాయి. అందుకే ఆ సంచికి 40 మి.మీ. చదరపు కన్ను వాడమని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సూచించింది. దారాలు లాగే దిశకు నిలువుగా, అడ్డంగా ఉండటం వల్ల ఈ కన్ను మూసుకుపోదు. అయితే ఇది కానాగంత వంటి గుండ్రని ఒళ్లున్న చేపల పిల్లలకు అనుకూలించినంతగా చందువ వంటి పలుచని, వెడల్పాటి చేపల పిల్లలకు అనుకూలించదు.

చేప మొప్పల దగ్గర చిక్కుకునే వలల సంగతి వేరు. వాటిలో చిన్న చేప దూరిపోతుంది, మరీ పెద్ద చేప తల పట్టక వెనక్కి మళ్లుతుంది, కన్నుకు సరిపోయిన మధ్య పరిమాణంలోని చేపే పడుతుంది. కాబట్టి అక్కడ కన్ను పెంచితే పడే చేప పరిమాణం మారుతుంది. ట్రాల్ వలలో మాత్రం కన్ను దాటలేనంత పెద్దవన్నీ లోపలే మిగులుతాయి.

ఇక రాబడి మాట. కన్ను పెంచిన తొలి రోజుల్లో చిన్న రొయ్య, సన్న చేప జారిపోయి వేట తగ్గుతుందనడంలో దాపరికం అక్కర్లేదు. నేను వదిలిన పిల్ల రేపు పక్క బోటు వలలో పడితే నాకేమిటన్న మత్స్యకారుని ప్రశ్న కూడా న్యాయమైనదే. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే 61 రోజుల వేట నిషేధం మరబోట్లన్నిటికీ ఒకేసారి వర్తించినట్టే, కన్ను నియమమూ అందరికీ ఒకేసారి వర్తిస్తేనే ఫలిస్తుందని నా అభిప్రాయం. కేరళ 2015లో రేవులో దిగే చేప పొడవుకే హద్దు పెట్టింది: కానాగంతకు 14 సెం.మీ., నూనె కవళ్లకు 10 సెం.మీ. సముద్రంలో ప్రతి వలనూ కొలవడం కన్నా రేవులో బుట్టను తనిఖీ చేయడం సులువు.

వల కొనేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. 40 మి.మీ. అంటే కన్నును సాగదీసినప్పుడు ఎదురెదురు ముడుల మధ్య దూరమా, లేక పక్కపక్క ముడుల మధ్య దారం పొడవా అని అడిగి తెలుసుకోండి. మొదటి లెక్కలో 40 అయినది రెండో లెక్కలో 20 మాత్రమే.