నాన్నను యార్క్ తీసుకెళ్లు

చి. స్వప్నకు పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మానాన్నలకు ఇంగ్లండ్ చూపించడానికి ఆక్స్‌ఫర్డ్, బాత్, స్టోన్‌హెంజ్ మూడూ ఒక్క రోజులో తిప్పే బస్సు టూర్ చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దమ్మా. సగం రోజు బస్సులోనే పోతుంది, మిగతాది టాయిలెట్ దగ్గర లైన్లో పోతుంది. లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో రైలెక్కితే యార్క్ సుమారు రెండు గంటలు. ఆ ఒక్క ఊరే చూపించు, రాత్రికి అక్కడే ఉండండి.

దిగగానే చర్చికి లాక్కెళ్లకు. కాజీపేట లోకో షెడ్‌లో సర్వీసంతా చేసిన మనిషాయన. స్టేషన్ పక్కనే నేషనల్ రైల్వే మ్యూజియం, టికెట్ లేదు. 1938లో గంటకు 126 మైళ్లు పరిగెత్తి రికార్డు కొట్టిన ఆవిరి ఇంజిన్ మాలార్డ్ అక్కడిదే. జపాన్ బుల్లెట్ రైలు పెట్టె కూడా ఉంది, లోపల కూర్చోవచ్చు. తొందరపెట్టావో, సాయంత్రం దాకా ముఖం ముడుచుకుంటాడు.

మధ్యాహ్నం పులిహోర డబ్బా మ్యూజియం గార్డెన్స్‌లో విప్పండి, పాత మఠం శిథిలాల పక్కన. తర్వాత కోటగోడ. మొత్తం రెండు మైళ్ల పైనే. మీరు బూథమ్ బార్ దగ్గర ఎక్కి మంక్ బార్ దగ్గర దిగిపోండి. బార్ అంటే అక్కడ కోట ద్వారం. మిన్‌స్టర్ చర్చి అంత బాగా ఇంకెక్కడి నుంచీ కనపడదు. లోపలి వైపు చాలాచోట్ల పిట్టగోడ ఉండదు, అమ్మ చెయ్యి వదలకు. చీకటిపడితే గోడ మూసేస్తారు.

షాంబుల్స్ వీధికి మర్నాడు దుకాణాలు తెరవకముందే వెళ్లండి. పదకొండు తర్వాత జనం వీపులు తప్ప ఏమీ కనపడవు. ఒకప్పుడు అది కసాయి వీధి. కొన్ని కొట్ల ముందు మాంసం వేలాడదీసిన ఇనప కొక్కేలు ఇంకా ఉన్నాయి, కిటికీల కింద మాంసం పరిచిన వెడల్పాటి చెక్కలూ ఉన్నాయి. అమ్మ ముక్కు మూసుకుంటుందేమో, ఇప్పుడక్కడ మిఠాయిలు అమ్ముతారని ముందే చెప్పు.

అటునుంచి మిన్‌స్టర్. అక్కడి పెద్ద రంగుటద్దాల కిటికీ తూర్పు వైపుంది కాబట్టి పొద్దుటి వెలుగే దానికి అందం. జాన్ థోర్న్‌టన్ 1405-08 మధ్య చేసిన గాజుపని. పైన సృష్టి మొదలు, కిందికి వచ్చేసరికి ప్రళయం. బొమ్మలు చిన్నవి, బైనాక్యులర్స్ పట్టుకెళ్లు. టికెట్ ధర ఎక్కువే. అది దండగనిపిస్తే సాయంత్రం ప్రార్థనకు వెళ్లండి, డబ్బు తీసుకోరు. గాయక బృందం పాట నాకైతే కిటికీ కన్నా నచ్చింది.

నాన్నకు అరవై దాటాయిగా, సీనియర్ రైల్‌కార్డు తీయించు. పాస్‌పోర్టు చూపిస్తే ఇస్తారు, ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. టికెట్లు మాత్రం ముందుగానే కొను, ఆఖరి నిమిషంలో రేటు చూస్తే గుండె జారుతుంది.

పెద్దమ్మ